చేతులు లేని శాంతి

కంచుకోన మైదానంలో యుద్ధం మంచి ఊపు మీద ఉన్న వేళ, సిందూరపుర రాజకుమారి తరళ నూనెబండి చక్రం చాటున కూర్చుని వేయించిన శనగలు నములుతోంది. నెత్తిన వర్తకుడి తలపాగా, పై పెదవి మీద మేకవెంట్రుకల మీసం, ఒంటి నిండా ఆముదం కంపు. ఆమె పక్కన అదే వేషంలో ఉన్న ఆస్థాన విదూషకుడు పింగళయ్య బండి ఇరుసును కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరు మామా. ఇంత పెద్ద యుద్ధం మళ్ళీ ఎక్కడ చూస్తావు?" అంది తరళ.

"వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇదేగా తల్లీ చూస్తున్నాను. చావరు, చంపరు, ఊరుకోరు. మా అమ్మా మా ఆవిడా ఇంతకంటే శ్రద్ధగా పోట్లాడుకునేవాళ్ళు."

తూర్పున తామ్రసేన బారులు తీరి ఉంది. మండుతున్న కుంకుమరంగు ఒళ్ళు, చెవులకు చెక్కిన కుండలాలు, రొమ్ముల మీద పోతపోసిన పులిముఖాలు. ఒక్కొక్క రాగి మరమనిషీ గుడి గోపురం మీంచి దిగివచ్చిన బొమ్మలా నిగనిగలాడుతున్నాడు. పడమట అయస్సేన. వానమబ్బును గొడ్డలితో నరికి ముక్కలు నిలబెట్టినట్టు నల్లటి ఇనుప మరమనుషులు. వాళ్ళ దవడలు ఎలుకబోనుల్లా టపటపా మూసుకుంటున్నాయి. రెండు సేనలూ ఢీకొంటే లేచిన రవ్వలు పట్టపగలే చుక్కలు చూపిస్తున్నాయి. ఆ మోతకి చుట్టుపక్కల కొండల మీది గద్దలు తరాల కిందటే గూళ్ళు ఖాళీ చేసి పోయాయి.

ఇంతకీ ఈ వీరులు ఎందుకు కొట్టుకుంటున్నట్టు? వీళ్ళని తయారుచేసిన యంత్రశిల్పులు ఇద్దరూ అన్నదమ్ములు. పెద్దవాణ్ణి కనక తమ్ముడు ముందు నమస్కరించాలని అన్న, గొప్పవాణ్ణి కనక అన్నే ముందు నమస్కరించాలని తమ్ముడు. ఆ పట్టుదలనే తమ బొమ్మల బుర్రల్లో పోసి, ఎదుటివాడు నమస్కరించేదాకా కొట్టండని చెప్పి, ఇద్దరూ హాయిగా చచ్చిపోయారు. బొమ్మలు ఇంకా కొడుతూనే ఉన్నాయి.

తరళకు ఆ గొడవతో పనిలేదు. ఆమెకు కావలసింది తన అన్న. మాంత్రికుడు ఘటోదరుడు నిండు కొలువులోకి ఆకాశరథం దింపి, సిందూరపుర మహారాజు సుమేధుణ్ణి సింహాసనంతో సహా ఎత్తుకుపోయాడు. మనిషి బాణానికి అందని ఆ రథాన్ని నేలకి లాగగల బలం మరమనుషులకే ఉందని విని, రాజకుమారి ఈ మైదానానికి వచ్చింది. రాగివాళ్ళని అడిగింది, ఇనుపవాళ్ళని అడిగింది. రెండు పక్షాలదీ ఒకటే జవాబు: ముందు వాళ్ళు నమస్కరించాలి, నీ అన్న సంగతి తరవాత.

"బుర్రలో పళ్ళచక్రాలు ఉన్నాయన్న మాటే గాని, ఒక్కటీ తిరగదు," అని తరళ చివరి శనగగింజ నోట్లో వేసుకుంది.

సరిగ్గా అప్పుడు ఎండ మాయమైంది.

తలెత్తి చూస్తే నెత్తిమీద ఆకాశరథం. దంతపు గుమ్మాలు, నెమలిపింఛాల గొడుగులు, పగడాల తోరణాలు, అడుగున నోరు తెరుచుకున్న మకరం. ఇంత సింగారమూ ఉండి, ముసలి ఎద్దులా ఓ పక్కకి ఒరిగి, కిర్రుకిర్రుమంటూ వస్తోంది. దానిలోంచి బాకా గొంతు వినిపించింది.

"నాయనలారా, నేను శాంతిభట్టారకుణ్ణి. ఎక్కడ ఎవరు కొట్టుకుంటున్నా నా కడుపు తరుక్కుపోతుంది. ఈ క్షణం నుంచీ ఇక్కడ శాంతి."

తరళ పళ్ళు కొరికింది. "ఘటోదరుడు. గొంతుకి తేనె రాసుకున్నాడు."

మైదానం మధ్య ఒక రాగి సిపాయీ ఒక ఇనుప సిపాయీ అప్పటికే ఒకరి మీద ఒకరు దెబ్బకి చేతులెత్తారు. ఎత్తిన దెబ్బ వెయ్యకుండా ఆపడం మరమనుషులకు చేతకాదు. మకరం నోట్లోంచి పచ్చటి మంట జారింది. సిపాయిలిద్దరూ కరిగి, పొగలు కక్కే ఒకే మడుగైపోయారు. ఆ రెండు జాతుల మధ్య అంతకాలంలో కుదిరిన మొదటి స్నేహం అదే. వెంటనే రథం కిటికీల్లోంచి తెల్లబట్టల శిష్యులు ఆ మడుగు మీద మల్లెపూలు చల్లారు.

"చూశారా నాయనా, ఎంత చక్కగా కలిసిపోయారో," అంది బాకా. "ఇక ఆయుధాలు కింద పెట్టండి."

రాగి సేనాపతి తామ్రకేతు ముందుకు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, గుడిగంట లాంటి గొంతు. "మాకు వేరే ఆయుధాలు లేవు. మా చేతులే గదలుగా, కత్తులుగా పోతపోశారు."

"అయితే చేతులే పెట్టెయ్యి నాయనా. శాంతికి చేతులతో ఏం పని?"

కొట్టమన్న శిల్పులు, ఎవరైనా చేతులు విప్పమంటే విప్పొద్దని మాత్రం చెప్పలేదు. తరవాత మణికట్ల దగ్గర మరచుట్లు విప్పుతున్న కీచుమోత మొదలైంది. ఒకడి చేతులు పక్కవాడు విప్పాడు, వాడివి ఇంకొకడు విప్పాడు. ఎంత క్రమశిక్షణ. చావమన్నా బారులు తీరి చచ్చేట్టున్నారు. చివరికి ఇద్దరు సేనాపతులకు చెరొక కుడిచెయ్యి మిగిలింది. శత్రువు చెయ్యి విప్పడం సేవ చేసినట్టవుతుందని ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. శిష్యులు పట్టుకార్లతో దిగి ఆ రెండూ ఊడబీకారు. ఊడిన చేతులన్నీ మైదానం మధ్య గుట్టపోసి, పసుపూ కుంకుమా పూసి, శాంతిస్తూపం అని పేరు పెట్టారు. ఆపైన చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి పాటలు పాడారు.

"చేతుల్లేని వాళ్ళ ముందు చప్పట్లు కొడుతున్నారు చూడు వెధవలు," అన్నాడు పింగళయ్య.

పొద్దు వాలేసరికి శాంతి అసలు రంగు బయటపడింది.

మరమనిషి గుండెలో ఉక్కుచుట్ట ఒకటి ఉంటుంది. అది బిగువుగా ఉన్నంతసేపే వాడు కదులుతాడు. అందుకని వేకువనా మిట్టమధ్యాహ్నమూ యుద్ధం ఆపి, ఒకరి ఒంటి మీది తాళంచెవి ఒకరు తిప్పి మర బిగించుకోవడం రెండు సేనల్లోనూ ఆచారం. ఈవేళ మధ్యాహ్నం దాటిపోయింది. తిప్పడానికి ఎవరికీ చెయ్యి లేదు. ముందుగా ఒక ఇనుప సిపాయి నిలబడ్డచోటనే నెమ్మదించి, తలవాల్చి ఆగిపోయాడు. శిష్యుడొకడు పాట ఆపకుండానే వాడి రొమ్ము తలుపు తెరిచి, ఉక్కుచుట్ట లాగి, బుట్టలో పడేశాడు. రథంలోంచి వేలాడుతున్న తాళ్ళనిచ్చెన పక్కనుంచి బుట్ట పైకి పోయింది. రథం కిర్రుమనడం కొంచెం తగ్గింది.

తరళకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. "రథం నడిచేది కూడా ఈ చుట్టలతోనే మామా. వాడి చుట్టలు అరిగిపోయాయి. యుద్ధంలో విరక్కుండా, బంగారంలాంటివి ఏరుకోవాలని ఈ శాంతి తెచ్చాడు. బుట్టలు నిండాయంటే ఏడు సముద్రాలూ దాటిపోతాడు. అన్నయ్య ఇక ఈ జన్మలో దొరకడు."

"మరేం చేద్దాం?"

"వీళ్ళని మళ్ళీ కొట్టుకునేట్టు చేద్దాం."

పింగళయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "శాంతి కోసం హోమాలు చేయించిన వంశం తల్లీ మీది."

"ఆ హోమాల పొగకి కళ్ళు పోయాయి గనకే వాడు నిండు కొలువులోకి దిగినా ఎవరికీ కనపడలేదు. పద, నూనె పట్టు."

ఇద్దరూ తోలుతిత్తులు భుజాన వేసుకుని, కీళ్ళకు నూనె పోసే నెపంతో సేనల మధ్యకి నడిచారు. శిష్యులు అడ్డు చెప్పలేదు. కీళ్ళు మెత్తగా ఉంటే చుట్టలు తేలిగ్గా ఊడతాయని వాళ్ళ లెక్క.

సేనాపతులిద్దరూ స్తూపానికి చెరొక పక్కన, ఒకరికొకరు వీపు చూపించుకుంటూ కూర్చున్నారు. ఇనుప సేనాపతి అయోముఖుడి తల కొలిమి ఆకారంలో ఉంది. మాట్లాడితే దవడ చప్పుడే సగం వినిపిస్తుంది.

తరళ అతని మోకాలికి నూనె పోస్తూ అడిగింది. "సేనాపతిగారూ, మీవాళ్ళు ఆగిపోతున్నారు. చూస్తూ ఊరుకుంటారా?"

"రాగివాళ్ళు కూడా ఆగిపోతున్నారు. అది చాలు," అన్నాడు అయోముఖుడు.

"వాళ్ళు ముందు ఆగిపోతే?"

"మాదే గెలుపు."

"ఎలా గెలుపండీ? నమస్కరించడానికి వాళ్ళు మిగలరుగా. ఆగిపోయినవాడు తల ఎలా వంచుతాడు? మీ శిల్పి చెప్పిన పని జరక్కుండానే యుద్ధం ముగిసిపోతుంది. ఇన్ని తరాలు కొట్టుకుని, చివరికి పాత సామాన్ల కొట్టుకి పోతారు."

అయోముఖుడి తలలో ఏదో టక్కుమంది. ఆ ఆలోచన అంతకుముందు ఆ బుర్రలో ఎవరూ పెట్టలేదు. "అయితే వాళ్ళు కదులుతూ ఉండాలి," అన్నాడు చివరికి.

"ఉండాలంటే ఎవరో మర తిప్పాలి. రాగివాళ్ళకి నోరు చెక్కిన గీతే, తెరుచుకోదు. మీకు దవడలున్నాయి. తాళంచెవి పళ్ళతో పట్టి తిప్పితే సరి."

"నేనా? ఆ ఎర్రగిన్నెలకి సేవ చెయ్యాలా?"

"సేవ ఏముందండీ. కోడిని కొయ్యబోయే ముందు మేత వెయ్యమూ?"

ఆ పోలిక సేనాపతికి నచ్చింది. అటు తామ్రకేతు చెవిలో పింగళయ్య తన వంతు నూనె పోస్తున్నాడు. "దొరా, వాడు మీ మర తిప్పడానికి వస్తున్నాడు. రాజుల చెప్పులు నౌకర్లే కదండీ తొడిగేది. మీరు అటు తిరిగి దర్జాగా నిలబడండి, చాలు."

తామ్రకేతు లేచి దర్జాగా నిలబడ్డాడు. రాగి మరమనుషుల తాళంచెవి ఉండేది వీపు మీద కాదు, నడుము కింద. ఆ సంగతి తరళకు తెలుసు, అయోముఖుడికి తట్టలేదు. తుప్పు కీళ్ళు మూలుగుతుండగా అతను స్తూపం చుట్టి వచ్చి, వంగి, ఇంకా వంగి, కొలిమిలాంటి ఆ తల శత్రువు నడుము ముందు నేలకి దగ్గరగా దించి, తాళంచెవి కరిచి పట్టుకున్నాడు. రెండు సేనలూ చూస్తున్నాయి.

తరళ కనుసైగ చేసింది. స్తూపం వెనకనుంచి పింగళయ్య గొంతు చించుకున్నాడు. "నమస్కరించాడోయ్. ఇనుపసేనాపతి తల వంచి నమస్కరించాడు."

తామ్రసేన నుంచి గంటలన్నీ ఒక్కసారి కొట్టినట్టు కేక లేచింది. తరాల యుద్ధం గెలిచేశారు. గెలిస్తే ఏం చెయ్యాలో శిల్పి చెప్పలేదు గనక కేకలు వేస్తూనే ఉన్నారు. తామ్రకేతు మెడ తిప్పి కిందకి చూసి, "లే, లే. నీ నమస్కారం అందింది," అన్నాడు.

అయోముఖుడు పళ్ళు వదలకుండానే, "చేతులు జోడించనిదే నమస్కారం ఎలా అవుతుంది?" అని గుర్రుమన్నాడు. నోట్లో ఉన్న తాళంచెవిని కోపంలో ఎంత బలంగా తిప్పాడంటే, రాగి సేనాపతి చుట్ట నిండా బిగిసి, అతను గిర్రున బొంగరంలా తిరిగి, తిరుగుతున్న మోచేత్తో అయోముఖుడి కొలిమితలను వాయించాడు.

ఇంకేముంది. మొండిచేతులతో, తలలతో, మోకాళ్ళతో ఇరుసేనలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. శాంతిస్తూపం కూలి, పసుపుకుంకుమల చేతులు కాళ్ళకింద నలిగాయి. వాళ్ళని అణచడానికి పైనించి మంట జారింది, కరిగినవాళ్ళు కరిగారు, మిగతావాళ్ళకి అది కనపడనే లేదు. ప్రాణభయం ఏ శిల్పీ వాళ్ళలో పొయ్యలేదు. శిష్యులు బుట్టలు పారేసి పరుగెత్తారు. ఒకడు శాంతి శాంతి అంటూ పక్కవాడి భుజాల మీదికి ఎక్కాడు.

తరళ ఆ గందరగోళంలో తాళ్ళనిచ్చెన అందుకుంది. ఒక శిష్యుడు ఆమె కాలు పట్టుకున్నాడు. ఆమె తిత్తిలో ఉన్న ఆముదమంతా అతని మొహాన కుమ్మరించింది. చేతులు జారి వాడు తిన్నగా ఒక ఇనుప సిపాయి నెత్తి మీద పడ్డాడు.

"మామా, ఎక్కు."

"నాకు ఎత్తులు పడవు తల్లీ. నేను ఇక్కడుండి వీళ్ళకి చాడీలు చెబుతుంటాను, నువ్వెళ్ళు," అని పింగళయ్య నిచ్చెనను కింద నుంచి బిగించి పట్టుకున్నాడు. రథం గభాల్న లేచింది. అతను పట్టు వదిలి ఒక రాగి సిపాయి వీపు మీద పడ్డాడు. గాలిలో ఊగుతున్న తరళకు, వాడి మీద స్వారీ చేస్తూ, వాడి చెవిలో ఏదో నూరిపోస్తున్న విదూషకుడు చిన్నగా, ఇంకా చిన్నగా కనిపించాడు.

గాలి తలపాగాను లాక్కుపోయింది. జడ చెంపలకి కొట్టుకుంటోంది. ఒక్కొక్క మెట్టూ పట్టుకుని పైకి పాకి, అడుగు వాకిలి అంచు అందుకుని, ఆమె రథంలోకి దూకింది. మొలలోని బాకు చేతిలోకి వచ్చింది. సంకెళ్ళు తెంచాలి, కాపలావాళ్ళని పడగొట్టాలి, అన్నను భుజాన వేసుకుని దిగాలి. దారిపొడవునా వేసుకున్న పథకం అది.

లోపల పన్నీటి వాసన. పట్టుపరదాల మధ్య సిందూరపుర సింహాసనం. దాని మీద, వెండిపళ్ళెంలో పాదాలు నానబెట్టుకుని, సుమేధ మహారాజు ద్రాక్షపళ్ళు తింటున్నాడు. పక్కన నిలబడి వింజామర వీస్తున్నవాడు మాంత్రికుడు ఘటోదరుడు.

"ఆ మీసం నీకు నప్పలేదు చెల్లాయ్," అన్నాడు సుమేధుడు.

తరళ బాకు దించలేదు. "నిన్ను వీడు ఎత్తుకొచ్చాడు అన్నయ్యా."

"నేనే రమ్మన్నాను. నిండు కొలువులోంచి లేచిపోతే పిరికివాడంటారు, ఎత్తుకుపోతే అయ్యో పాపం అంటారు. నా బాధ నీకేం తెలుస్తుంది? పొద్దున లేస్తే తూర్పువీధివాళ్ళు పడమటివీధివాళ్ళ మీద ఫిర్యాదు. కాలవనీళ్ళ గొడవ, గట్టు గొడవ, ముందు ఎవరి పల్లకీ పోవాలన్న గొడవ. ఇద్దరికీ న్యాయం చెప్పి చెప్పి తలనొప్పి వచ్చింది. ఈయన ఒక్క మధ్యాహ్నంలో ఎంత చక్కగా కుదిర్చాడో చూశావుగా. నువ్వొచ్చి చెడగొట్టావు."

"కుదిర్చినవాడు కింద వాళ్ళ గుండెలు ఊడబీక్కున్నాడు."

"బొమ్మల గుండెలేగా. రథానికి పనికొచ్చాయి." సుమేధుడు ద్రాక్షగింజ ఊసి, గుమ్మం బయటికి చూపించాడు. "ఇప్పుడు మన ఊరికే పోతున్నాం. కాలవ ఇవతలివాళ్ళకీ అవతలివాళ్ళకీ ఇదే శాంతి ఇప్పిస్తాను."

"వాళ్ళు మనుషులు అన్నయ్యా. వాళ్ళ చేతులు ఊడిరావు."

మహారాజు ఆ సంగతి ఇంతకుముందు ఆలోచించనట్టు మాంత్రికుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"ఊడదీస్తే వస్తాయి ప్రభూ," అన్నాడు ఘటోదరుడు వింజామర ఆపకుండానే. "పట్టుకార్లు కొంచెం పెద్దవి చేయించాను."

సుమేధుడు తల ఊపి, ఇంకో ద్రాక్షపండు తీసుకున్నాడు.

తరళ బాకు మొలలో దోపింది. ఒక్క గెంతులో పరదా చించుకుని ముందువైపు గదిలోకి పడింది. అక్కడ, గుమ్మానికి ఆనుకునే, ఏనుగుతొండం ఆకారంలో పెద్ద చుక్కాని. దాన్ని రెండు చేతులా కావలించుకుని, గోడకి కాళ్ళు తన్ని, ఒంట్లో బలమంతా పెట్టి లాగింది. కొత్త చుట్టలు పడిన రథం మొండిగా ముక్కింది, తరవాత నిలువునా ఒరిగిపోయింది. సిందూరపురం వైపు తిరిగిన ముక్కు తప్పి కొండల వైపు మళ్ళింది. వింజామరతో సహా ఘటోదరుడు దొర్లుకుంటూ పోయి ఏదో పరదాలో చుట్టుకున్నాడు. వెండిపళ్ళెం ఎగిరి గుమ్మంలోంచి మేఘాల్లోకి పోయింది.

దాని వెనకే సింహాసనం జారడం మొదలుపెట్టింది.

పన్నీటితో తడిసిన నేల మీద అది నెమ్మదిగా, తిన్నగా, తెరిచిన గుమ్మం వైపే పోతోంది. సుమేధుడు లేవబోయి కాలు జారి మళ్ళీ అందులోనే పడ్డాడు. సింహాసనం ముందుకాళ్ళు గుమ్మం అంచు దాటాయి. కింద మబ్బుల సందుల్లో రవ్వలు మెరుస్తున్నాయి.

"చెల్లాయ్," అని మహారాజు చెయ్యి చాపాడు. "చెయ్యి ఇవ్వు."

ఆ చెయ్యి ఆమెకు అందేంత దగ్గరలోనే ఉంది. తరళ రెండు చేతులూ చుక్కాని మీద ఉన్నాయి. ఒక్కటి వదిలినా రథం ముక్కు మళ్ళీ సిందూరపురం వైపే తిరుగుతుంది.